సి.కె.నాయుడు

సి.కె.నాయుడుగా పేరొందిన కొఠారి కనకయ్య నాయుడు (అక్టోబరు 31, 1895 - నవంబరు 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టు తొలి కెప్టెన్. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన ఇతడు కుడిచేతి బ్యాట్స్‌మన్, కుడిచేతి మధ్యమ వేగపు బౌలర్, కఠిన క్రమశిక్షణ గల నాయకుడు. 1916లో మొదలైన ఇతని ప్రథమ శ్రేణి క్రీడాజీవితం 1963-64 సీజన్‌లో, 68 సంవత్సరాల వయసులో ముగిసింది. అంటే ఆరు వేర్వేరు దశాబ్దాలలో ప్రథమ శ్రేణి క్రికెట్ ఆడాడు. సిక్సర్ల వీరునిగా ఎక్కువ మందికి గుర్తున్నప్పటికీ, నాయుడు ప్రత్యేకత వయసు పైబడినా తగ్గని పోరాట పటిమలోనే ఎక్కువగా కనిపిస్తుంది. హోల్కర్ జట్టుకు ఇతడు సాధించిపెట్టిన నాలుగు రంజీ ట్రోఫీ విజయాలూ అంతకు ముందు సంవత్సరపు అంతిమ పోటీలో ఓడిపోయిన తరువాత వచ్చినవే. ఆ నాలుగు విజయాల నాటికి నాయుడు వయసు 50 నుంచి 57 సంవత్సరాలు.

బాల్యం, తొలి రోజులు

నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించాడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు న్యాయవాది. నాగపూర్‌లోని హిస్లాప్ విద్యాసంస్థలో చదువుకుంటూ పాఠశాల జట్టులో ఆడాడు. తమ్ముడు కొఠారి సుబ్బన్న నాయుడు (సి.ఎస్.నాయుడు) కూడా తరువాతి కాలంలో భారత జట్టుకు ఆడాడు. అన్నదమ్ములిద్దరి మధ్య వయోభేదం 18 సంవత్సరాలకు పైగా ఉన్నప్పటికీ, ఇద్దరూ ఒకే జట్టులో కలిసి ఆడే అవకాశం కలిగింది. అన్న సుదీర్ఘ క్రీడాజీవితమే దానికి కారణం.

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ జట్టుపై నాయుడు ప్రథమ శ్రేణి క్రికెట్‌లో అడుగుపెట్టాడు. మత ప్రాతిపదికపై ఏర్పడిన హిందూ, ముస్లిం, పార్సీ, యూరోపియన్ జట్ల మధ్య జరిగే ఈ పోటీలే అప్పట్లో దేశంలో అత్యంత ప్రతిష్ఠాత్మకమైనవి. రంజీ ట్రోఫీ అప్పటికి ఇంకా పుట్టలేదు. నాయుడు బ్యాటింగ్‌కు వచ్చేసరికి హిందూ జట్టు 79 పరుగులకు 7 వికెట్లు కోల్పోయి కష్టాలలో ఉంది. మొదటి మూడు బంతులను ఆపి, నాలుగవ బంతిని సిక్సర్‌గా మలచాడు. ఎదుటి జట్టు పైచేయిగా ఉన్నప్పుడే ఎదురుదాడికి దిగే ఈ పద్ధతి చివరివరకు ఇతని ఆటలో కొనసాగింది.

1923లో హోల్కర్ సంస్థానపు పాలకుడు నాయుడును ఇండోర్‌కు ఆహ్వానించి తన సైన్యంలో పదవి ఇచ్చాడు. కాలక్రమంలో ఇతనికి 'కల్నల్' అనే పిలుపు స్థిరపడింది. అప్పటినుంచి జీవితాంతం ఇండోరే ఇతని నివాసమైంది.

1926 ఇన్నింగ్స్

1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టు తరఫున నాయుడు 153 పరుగులు చేశాడు. రెండు గంటల లోపే ముగిసిన ఆ ఇన్నింగ్స్‌లో 11 సిక్సర్లు ఉన్నాయి. ఎం.సి.సి. జట్టు ఇతనికి వెండి బ్యాటును బహూకరించింది. భారత ఆటగాళ్లు అంతర్జాతీయ స్థాయి బౌలర్లను ఎదుర్కొని నిలువగలరన్న నమ్మకానికి ఈ ఇన్నింగ్స్ బలమిచ్చింది. టెస్ట్ క్రికెట్‌లో భారత్ ప్రవేశించడానికి ఆ తరువాత ఇంకా ఆరు సంవత్సరాలు పట్టింది.

టెస్ట్ క్రికెట్

1932 ఇంగ్లాండు పర్యటన

1932లో ఇంగ్లాండు వెళ్లిన జట్టుకు పోర్‌బందర్ మహారాజా కెప్టెన్‌గా, లింబ్డీ రాజవంశీకుడు ఘనశ్యామ్‌సింహ్‌జీ వైస్ కెప్టెన్‌గా నియమితులయ్యారు. క్రికెట్ జట్టు నాయకత్వం సంస్థానాధీశులకే దక్కడం అప్పటి ఆనవాయితీ. అయితే మహారాజా తనకంటె సమర్థుడు జట్టును నడపాలని తప్పుకొన్నాడు. వైస్ కెప్టెన్ గాయం వలన ఆడలేకపోయాడు. ఈ విధంగా లార్డ్స్‌లో జరిగిన భారత తొలి టెస్ట్‌కు నాయకత్వం రాజవంశానికి చెందని నాయుడుకు లభించింది. జట్టులో కొందరు ఇతని నాయకత్వాన్ని వ్యతిరేకించినా నిర్ణయం మారలేదు.

1932 జూన్ 25న ప్రారంభమైన ఈ టెస్ట్‌లో ఇంగ్లాండు 259 పరుగులకు ఆలౌటైంది. ఫీల్డింగ్ చేస్తుండగా నాయుడు చేతికి గాయమైంది. ఆ నొప్పితోనే బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశాడు. 189 పరుగుల భారత తొలి ఇన్నింగ్స్‌లో అదే అత్యధిక వ్యక్తిగత స్కోరు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడిపోయినా, మహమ్మద్ నిసార్, అమర్‌సింగ్‌ల బౌలింగ్, కెప్టెన్ పట్టుదల ఆంగ్ల విమర్శకుల ప్రశంసలు పొందాయి. నాయుడు తొలి టెస్ట్ ఆడేనాటికి వయసు 36 సంవత్సరాలు దాటింది.

ఆ పర్యటనలోని ప్రథమ శ్రేణి పోటీలలో నాయుడు 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశాడు. లార్డ్స్‌లో ఎం.సి.సి.పై చేసిన అజేయ శతకం, బర్మింగ్‌హామ్‌లో వార్విక్‌షైర్‌పై చేసిన 162 పరుగులు వీటిలో ముఖ్యమైనవి. 1933లో విజ్డెన్ ఇతనిని ఆ సంవత్సరపు ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

1933-34 స్వదేశీ సీరీస్

1933-34లో డగ్లస్ జార్డైన్ నాయకత్వంలో ఇంగ్లాండు జట్టు భారత్‌కు వచ్చింది. ఆస్ట్రేలియాలో వివాదాస్పదమైన బాడీలైన్ సీరీస్ ముగిసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బొంబాయి జింఖానాలో జరిగిన స్వదేశీ తొలి టెస్ట్‌లో లాలా అమర్‌నాథ్ 118 పరుగులతో భారత్ తరఫున మొదటి టెస్ట్ శతకం సాధించాడు. మూడవ వికెట్‌కు అమర్‌నాథ్‌తో కలిసి కెప్టెన్ నాయుడు 186 పరుగులు జోడించి, తాను 67 పరుగులు చేశాడు. కలకత్తా టెస్ట్‌లో దిలావర్ హుసేన్ తలకు దెబ్బ తగిలినా కట్టు కట్టుకొని తిరిగి వచ్చి రెండు ఇన్నింగ్స్‌లలోనూ అర్ధశతకాలు చేశాడు. మద్రాసు టెస్ట్‌లో నోబీ క్లార్క్ బంతి తగిలి నౌమల్ జౌమల్ గాయపడ్డాడు. హెల్మెట్లు లేని ఆ కాలంలో గాయాలు ఆటలో భాగమే. ఈ సీరీస్‌ను భారత్ 2-0తో కోల్పోయింది.

1936 ఓవల్ టెస్ట్

1936 ఇంగ్లాండు పర్యటనకు విజయనగర రాజకుమారుడు (విజ్జీ) కెప్టెన్‌గా ఎంపికయ్యాడు. ఆటలో అతని స్థాయి పరిమితమే అయినా పలుకుబడి అధికం. జట్టు వర్గాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో పర్యటన మధ్యలోనే స్వదేశానికి తిప్పి పంపారు. ఇటువంటి వాతావరణంలో 40 ఏళ్ల నాయుడు సాధారణ ఆటగానిగా మూడు టెస్టులూ ఆడాడు.

ఓవల్‌లో జరిగిన మూడవ టెస్ట్ రెండవ ఇన్నింగ్స్‌లో ఇంగ్లాండు కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన వేగవంతమైన బంతి నాయుడు దేహానికి బలంగా తగిలింది. అయినప్పటికీ మైదానం విడిచి వెళ్లకుండా ఆడి 81 పరుగులు సాధించాడు. ఇతని టెస్ట్ జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే చివరి ఇన్నింగ్స్ కూడా. నాయకత్వం చేజారిన తరువాత, ఓటమి దాదాపు ఖాయమైన పోటీలో వచ్చిన ఇన్నింగ్స్ కావడం దీని విశేషం.

హోల్కర్ జట్టు: ఓటమి వెంట విజయం

చాలామంది ఆటగాళ్లు విరమించే వయసులో నాయుడు జీవితంలోని ముఖ్యమైన ఘట్టం మొదలైంది. 1941-42లో రంజీ ట్రోఫీలో ప్రవేశించిన హోల్కర్ జట్టులో ముస్తాక్ అలీ, చందూ సర్వాటే, హీరాలాల్ గైక్వాడ్ వంటివారు ఉండేవారు. ఇండోర్ కుర్రవాడైన ముస్తాక్ అలీకి చిన్నతనం నుంచి నాయుడే మార్గదర్శి. నాయుడు నాయకత్వంలో 1944-45 నుంచి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో హోల్కర్ ఎనిమిది సార్లు అంతిమ పోటీకి చేరి, నాలుగు సార్లు ట్రోఫీ గెలుచుకుంది. ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి:

* 1944-45: బొంబాయి చేతిలో 374 పరుగుల తేడాతో ఓటమి
* 1945-46: బరోడాపై 56 పరుగుల తేడాతో విజయం
* 1946-47: బరోడా చేతిలో ఇన్నింగ్స్ 409 పరుగుల తేడాతో ఓటమి
* 1947-48: బొంబాయిపై 9 వికెట్ల తేడాతో విజయం
* 1949-50: బరోడా చేతిలో 4 వికెట్ల తేడాతో ఓటమి
* 1950-51: గుజరాత్‌పై 189 పరుగుల తేడాతో విజయం
* 1951-52: బొంబాయి చేతిలో 531 పరుగుల తేడాతో ఓటమి
* 1952-53: బెంగాల్‌పై తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో విజయం

ఈ జాబితాలో నాలుగు ఓటములు, నాలుగు విజయాలు ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. ఓటములలో మూడు సామాన్యమైనవి కావు. 1946-47 అంతిమ పోటీలో బరోడా ఆటగాళ్లు విజయ్ హజారే (288), గుల్ మహమ్మద్ (319) నాలుగవ వికెట్‌కు 577 పరుగులు జోడించారు. ఏ వికెట్‌కైనా ప్రథమ శ్రేణి క్రికెట్‌లో అత్యధిక భాగస్వామ్యంగా అది 2006 వరకు నిలిచింది. ఆ 577 పరుగులు వస్తున్నంతసేపు మైదానంలో ఉండి హోల్కర్ జట్టును నడిపించిన కెప్టెన్ వయసు 51 సంవత్సరాలు. మరుసటి సంవత్సరమే అదే కెప్టెన్ నాయకత్వంలో హోల్కర్ మళ్లీ ట్రోఫీ గెలిచింది.

1945-46 రంజీ పోటీలలో బరోడాపై నాయుడు 200 పరుగులు చేశాడు. ప్రథమ శ్రేణి క్రికెట్‌లో ఇతని అత్యధిక స్కోరు ఇదే. అప్పటికి వయసు 50 సంవత్సరాలు నిండింది.

సి.ఎస్.నాయుడు 917 బంతులు

1944-45 అంతిమ పోటీ బౌలర్ల ఓర్పుకు పరీక్షగా నిలిచింది. బొంబాయి 462, 764 పరుగులు, హోల్కర్ 360, 492 పరుగులు చేయగా పోటీ మొత్తం స్కోరు 2,078కి చేరింది. యుద్ధకాలంలో భారత్‌లో ఉన్న ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున అజేయంగా 249 పరుగులు చేశాడు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించాడు.

ఈ పోటీలో హోల్కర్ లెగ్ స్పిన్నర్ సి.ఎస్.నాయుడు తొలి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లలో 153 పరుగులిచ్చి 6 వికెట్లు, రెండవ ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లలో 275 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. మొత్తం 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు. ఒకే ప్రథమ శ్రేణి పోటీలో ఒక బౌలర్ వేసిన అత్యధిక బంతుల రికార్డు ఇది. ఇచ్చిన 428 పరుగులు కూడా రికార్డే. ఎన్ని పరుగులు వచ్చినా తమ్మునికి బంతి అందిస్తూనే ఉన్న కెప్టెన్, ఎన్నిసార్లు అడిగినా వేస్తూనే ఉన్న బౌలర్ - ఈ ఇద్దరి స్వభావానికీ ఆ అంకెలు సాక్ష్యం.

ఫడ్కర్ బౌన్సర్

నాయుడు గురించి అత్యధికంగా చెప్పుకునే సంఘటన బొంబాయి-హోల్కర్ రంజీ పోటీకి సంబంధించినది. అప్పటికి 56 ఏళ్ల వయసున్న నాయుడుకు, భారత టెస్ట్ జట్టు ఫాస్ట్ బౌలర్ దత్తూ ఫడ్కర్ వేసిన బౌన్సర్ నోటికి తగిలి పళ్లు ఊడిపోయాయి. నాయుడు వైద్య సహాయం నిరాకరించి, పిచ్ మీద పడిన పళ్లను బ్యాటుతో పక్కకు తోసివేశాడని, తనపై జాలితో వేగం తగ్గించవద్దని ఫడ్కర్‌కు చెప్పి ఆట కొనసాగించాడని క్రికెట్ రచయితలు పేర్కొన్నారు. ఫడ్కర్ నాయుడు కంటె 30 సంవత్సరాలు చిన్నవాడు. పెద్దవాడన్న మన్ననతో వేసే బంతిని నాయుడు కోరుకోలేదు. సమాన ప్రత్యర్థిగా ఎదుర్కొనడమే కోరుకున్నాడు.

ఆంధ్ర, ఉత్తర ప్రదేశ్ జట్లు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అదే సంవత్సరం 1953-54 సీజన్‌లో ఆంధ్ర జట్టు మొదటిసారిగా రంజీ ట్రోఫీలో పాల్గొంది. ఆ జట్టుకు నాయకత్వం వహించినది 58 ఏళ్ల సి.కె.నాయుడు. నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో స్థిరపడిన తెలుగు ఆటగాడు ఈ విధంగా ఆంధ్ర క్రికెట్ ఆరంభంలోనూ భాగస్వామి అయ్యాడు. భారత టెస్ట్ చరిత్రలో తొలి కెప్టెన్, ఆంధ్ర రంజీ చరిత్రలో తొలి కెప్టెన్ ఒకరే కావడం విశేషం.

1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున నాయుడు చివరిసారిగా రంజీ ట్రోఫీ ఆడాడు. 61 సంవత్సరాల వయసులో ఆడిన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశాడు. ఆ తరువాత 1963-64లో సహాయ నిధి కోసం నిర్వహించిన పోటీలో మహారాష్ట్ర గవర్నర్ జట్టు, ముఖ్యమంత్రి జట్టు తలపడినప్పుడు 68 ఏళ్ల వయసులో మైదానంలోకి దిగాడు. అదే ఇతని చివరి ప్రథమ శ్రేణి పోటీ.

ఆటతీరు, స్వభావం

నాయుడు పొడవైన, నిటారైన విగ్రహం. బంతిని నేల బారుగా కాక గాలిలోకి ఎత్తి కొట్టడానికి వెనుకాడేవాడు కాదు. బౌలింగ్‌లో అమిత వేగం లేకపోయినా గురి, నిలకడ ఉండేవి. ఫీల్డింగ్‌లో చురుకుదనం వయసు మళ్లిన తరువాత కూడా ఇతని జట్లకు కొలమానంగా ఉండేది. దేహదారుఢ్యం విషయంలో తనకు ఏ మినహాయింపూ ఇచ్చుకోలేదు. తోటి ఆటగాళ్లకూ ఇవ్వలేదు. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని ప్రత్యర్థికి తెలియనీయరాదన్నది ఇతని నియమం.

ఈ కఠినత్వం అందరికీ నచ్చలేదు. తోటివారితో కలుపుగోలుగా ఉండడని, క్రమశిక్షణ పేరుతో దూరం పాటిస్తాడని విమర్శలు వచ్చాయి. 1932లోను, ఆ తరువాత కూడా జట్టులోని విభేదాలకు సంస్థానాల రాజకీయాలతో పాటు ఇతని స్వభావం కూడా కొంత కారణమైంది. అయితే ఇండోర్‌లో ఇతని శిక్షణలో ఎదిగిన ఆటగాళ్లు ఆ కఠినత్వమే తమను తీర్చిదిద్దిందని భావించారు.

గణాంకాలు

* టెస్టులు: 7 పోటీలు, 350 పరుగులు, సగటు 25.00, అత్యధికం 81, వికెట్లు 9
* ప్రథమ శ్రేణి: 207 పోటీలు, 11,825 పరుగులు, సగటు 35.94, శతకాలు 26, అత్యధికం 200, వికెట్లు 411, సగటు 29.28

టెస్ట్ గణాంకాలను మాత్రమే చూస్తే నాయుడు సాధారణ ఆటగాడిగా కనిపిస్తాడు. కాని ఇతని ఏడు టెస్టులూ 36 నుంచి 40 సంవత్సరాల వయసు మధ్య ఆడినవే. బలం, వేగం నిండుగా ఉండే ఇరవైలలో భారత్‌కు టెస్ట్ హోదా లేదు. 411 వికెట్లు ఇతని బౌలింగ్ సామర్థ్యానికి నిదర్శనం. కేవలం బ్యాట్స్‌మన్‌గా గుర్తుంచుకునేవారు ఈ అంకెను తరచు మరచిపోతారు.

ఇతర క్రీడాకారులతో పోలిక

వయసును ఎదిరించి అత్యున్నత స్థాయిలో ఆడినవారు క్రీడాచరిత్రలో అరుదు. ఇంగ్లాండు ఎడమచేతి స్పిన్నర్ విల్‌ఫ్రెడ్ రోడ్స్ 1930లో 52 ఏళ్ల వయసులో చివరి టెస్ట్ ఆడాడు. అమెరికాలో బేస్‌బాల్ పిచర్ (బ్యాటు పట్టిన ప్రత్యర్థికి బంతి విసిరే ఆటగాడు) శాచెల్ పేజ్ 1965 సెప్టెంబరు 25న 59 ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్ తరఫున మూడు ఇన్నింగ్స్ పాటు బంతులు విసిరి, బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. నల్లజాతీయులకు ప్రధాన లీగ్‌లలో ప్రవేశం లేని కాలంలో పేజ్ ఉత్తమ సంవత్సరాలు గడిచిపోయాయి. 1948లో 42వ ఏట మాత్రమే అతనికి ఆ అవకాశం దక్కింది. కారణాలు వేరైనా, పెద్ద వేదిక ఆలస్యంగా లభించడం పేజ్, నాయుడు ఇద్దరి జీవితాలలోనూ కనిపిస్తుంది. ఇద్దరూ ఆ ఆలస్యాన్ని మరింత కాలం ఆడడం ద్వారానే ఎదుర్కొన్నారు.

పురస్కారాలు, స్మృతి

* 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. ఈ గౌరవం పొందిన మొదటి క్రికెటర్ నాయుడే.
* భారత క్రికెట్ నియంత్రణ మండలి జీవితకాల సాఫల్యానికి ఇచ్చే పురస్కారానికి 1994లో ఇతని పేరు పెట్టింది. మొదటి గ్రహీత లాలా అమర్‌నాథ్.
* యువ ఆటగాళ్లకు నిర్వహించే జాతీయ పోటీలకు కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీ అని పేరు. 68 ఏళ్ల వరకు ఆడిన వ్యక్తి పేరు కుర్రవాళ్ల పోటీకి ఉండడం గమనార్హం.
* కుమార్తె చంద్రా నాయుడు భారతదేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరుపొందింది. తండ్రి జీవితంపై ఆంగ్లంలో ఒక పుస్తకం రచించింది. ఆమె 2021లో మరణించింది.

ఆట విరమించిన తరువాత నాయుడు జట్టు ఎంపిక సంఘంలోను, రేడియో వ్యాఖ్యాతగాను సేవలందించాడు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో 72 సంవత్సరాల వయసులో మరణించాడు. చివరి ప్రథమ శ్రేణి పోటీకి, మరణానికి మధ్య గడచిన కాలం నాలుగు సంవత్సరాలు మాత్రమే.